ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎక్కువ దూరం వెళ్లి తక్కువ సమయంలో చేరడం సాధ్యమా?

బరంపురం మాస్టారు: ఈ రెండు నగరాల మధ్య గ్లోబు మీద కొలిచే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా పడమటి దిక్కుగా అట్లాంటిక్ మీదుగా వెళ్లే 13,900 కిలోమీటర్ల మార్గాన్ని విడిచి, తూర్పు దిక్కుగా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్ల మార్గం పట్టింది. దానివల్ల రెండు గంటలు కలిసివచ్చి పద్నాలుగున్నర గంటల్లోనే చేరుతుందన్నారు. దూరం పెరిగితే సమయం తగ్గుతుందన్న మాట నాకు మింగుడుపడడం లేదు.

రాయగడ వాసి: కారణం గాలి, మాస్టారూ. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలు బలంగా వీస్తాయి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానాన్ని 100 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి తోస్తే 15,300 కిలోమీటర్లకు పదిహేను గంటల పైచిలుకు చాలు. అదే గాలి ఎదురైతే 13,900 కిలోమీటర్లకే పదిహేడు గంటలు దాటుతుంది.

పర్లాకిమిడి: భూమి తిరగడం వల్ల కాదా?

రాయగడ వాసి: కాదు. భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది. మీ మాటే నిజమైతే పడమటికి వెళ్లే విమానమే ముందు చేరాలి.

బరంపురం మాస్టారు: గాలి రోజుకో తీరుగా ఉంటుంది, దూరం మాత్రం మారదు. పైగా తెల్లవారుజామున బయలుదేరి అదే తేదీ ఉదయానికి దిగినట్లు టికెట్టు మీద రాస్తారు. ఆ గంటలను ఎలా నమ్మమంటారు?

రాయగడ వాసి: అక్కడి గడియారం మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. మీరు అడిగింది విమానం గురించి, నేను చెప్పిందీ విమానం గురించే. లెక్క కళ్లెదుట ఉన్నా ఒప్పుకోకపోవడం మొండితనం.

బరంపురం మాస్టారు: మొండితనమే అనుకోండి. పద్నాలుగున్నర గంటలే కదా అని మా అబ్బాయి ధైర్యం చెప్పి వెళ్లాడు. వాళ్లమ్మ కన్నుమూసినప్పుడు, వచ్చే దారిలో గాలులు వేరన్న సంగతి అటుంచి, టికెట్టు దొరకాలి, ఢిల్లీలో దిగి మరో విమానం కోసం కాచుకోవాలి, భువనేశ్వర్ నుంచి ఇంకా నూట డెబ్బై కిలోమీటర్లు రోడ్డున రావాలి. వాడు గుమ్మం తొక్కేసరికి దహనం అయిపోయింది. మీ లెక్కలో ఆ గంటలు ఎక్కడున్నాయి?

జయపురం విద్యార్థిని: ఇద్దరూ వేర్వేరు చోట్ల నుంచి కొలుస్తున్నారండీ. ఒకరు విమానాశ్రయం నుంచి, ఒకరు ఇంటి గడప నుంచి.

రాయగడ వాసి: మీ దుఃఖం తెలియక మాట తూలాను, క్షమించండి. అయినా గాలి లెక్కను నేను వెనక్కి తీసుకోను. మా ఊరివాళ్లం విశాఖ దాకా రైలులో పోయి, అక్కడి నుంచి ఢిల్లీ చేరి ఈ విమానం ఎక్కుతాం. రెండు గంటలు కలిసివచ్చినా మాకు మేలే.

బరంపురం మాస్టారు: ఆ మేలును నేను కాదనడం లేదు. ఊరు విడిచే పిల్లలు మాత్రం అమెరికా పద్నాలుగున్నర గంటల దూరమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకూడదు.

రాయగడ వాసి: ‘ఢిల్లీ నుంచి’ అని చేర్చి చెబితే తప్పేముంది?

బరంపురం మాస్టారు: మా ఇల్లు ఢిల్లీలో లేదు.