న్యూ ఇంగ్లండ్ కింద వేడి రాయి: అది అగ్నిపర్వతమేనా?

లోతుచూపు:
అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ కింద, 200 కి.మీ. లోతున, కరిగిన రాయి మెల్లగా పైకి లేస్తోందని, అక్కడ అగ్నిపర్వతం పుట్టబోతోందని వార్తలు తిరుగుతున్నాయి. అది నిజంగా ద్రవమేనా? "మెల్లగా" అంటే ఎంత మెల్లగా? సొకోరో, యెల్లోస్టోన్‌లలో నేల ఉబ్బుతోందంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

బసాల్ట్:
ద్రవపు మడుగు కాదండీ. వార్తల్లో తప్పు మొదలయ్యేదే అక్కడ. భూకంప తరంగాలు వేడి రాతిలో నెమ్మదిస్తాయి. నెమ్మదించిన చోటుకి పటంలో ఎర్ర రంగు వేయడం అలవాటు. చూసినవాళ్లకి అది లావా కుండలా కనిపిస్తుంది! భూకంప తరంగాల్లో ఒక రకమైన ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. ఇక్కడ ఆలస్యంగానైనా దాటి వస్తున్నాయంటే అక్కడున్నది దాదాపుగా ఘనమే. హిమానీనదం గడ్డకట్టిన మంచే అయినా కొండ మీంచి జారుతుంది కదా, మ్యాంటిల్ (భూమి పైపెంకు కిందున్న మందమైన పొర) రాయి కూడా అలాగే గట్టిగా ఉంటూనే పారుతుంది.

అంత వేడికి కరగదా అంటే, పైనున్న రాతి బరువు కరగనివ్వదు. ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. వేడి తగ్గకుండా బాగా పైకి రాగలిగితే ఒత్తిడి తగ్గి కొంత భాగం కరుగుతుంది. ఐస్‌లాండ్‌లో భూమి పైపొర పలకలు ఒకదానికొకటి దూరంగా విడిపోతున్నాయి కాబట్టి ఆ దారి ఉంది. న్యూ ఇంగ్లండ్ మీద పాత ఖండం మందంగా మూతపెట్టి ఉంది.

ఇక వేగం. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం బృందం 2025లో కట్టిన లెక్క ప్రకారం ఆ వేడి ముద్ద 10 లక్షల ఏళ్లకు సుమారు 20 కి.మీ., అంటే ఏడాదికి 2 సెం.మీ. జరుగుతోంది. అదీ పక్కకి, పైకి కాదు.

సీస్మో_రాత:
సొకోరో సంగతి వేరు. న్యూ మెక్సికోలోని సొకోరో కింద ఉన్న పొర నిజంగా శిలాద్రవమే (మాగ్మా, అంటే కరిగిన రాయి). లోతు సుమారు 19 కి.మీ., విస్తీర్ణం దాదాపు 3,400 చ.కి.మీ., మందం మాత్రం 150 మీటర్ల లోపే. పరుపు కూడా కాదు, దుప్పటి అనాలి. మధ్యలో నేల ఏడాదికి 2-3 మి.మీ. లేస్తోంది. నలభై ఏళ్లు కలిపినా జానెడు కాదు.

యెల్లోస్టోన్‌లో నేలకి దగ్గరగా ఉన్న రయోలైట్ (సిలికా ఎక్కువున్న జిగట శిలాద్రవం) నిల్వలో కరిగిన భాగం 16-20 శాతమని 2022లో తేలింది. మిగతాది స్ఫటికాలు. సుమారు సగం ద్రవమైతే తప్ప ఆ ముద్ద కదిలి బయటికి రావడం కష్టం. "మాగ్మా ఉంది" అనే మాటకి ఈ శాతం చెప్పకపోతే అర్థం లేదు.

బసాల్ట్:
నేల ఉబ్బడం కూడా ఒక్కటే చూస్తే మోసం చేస్తుంది. ఇటలీలో కాంపీ ఫ్లెగ్రేయీ దగ్గర 1982-84 మధ్య నేల సుమారు 1.8 మీటర్లు లేచింది. పొజ్జువోలి నుంచి వేలమందిని తరలించారు. విస్ఫోటం జరగలేదు. లోపలి వేడినీరు, వాయువులు కూడా నేలని ఎత్తగలవు.

కందకం:
ఒక అభ్యంతరం. ఇదంతా చదివి "మెల్లగానే వస్తుంది, కావలసినంత వ్యవధి ఉంటుంది" అనుకోకూడదు. లోతున పోగవడానికి వేల ఏళ్లు పట్టొచ్చు, చివరి అంగ మాత్రం గంటల్లో పడొచ్చు. చిలీలోని చైటెన్‌లో 2008 మేలో రయోలైట్ 5 కి.మీ.కి పైగా లోతునుంచి సుమారు నాలుగు గంటల్లో పైకొచ్చిందని తర్వాత లెక్కగట్టారు. ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ కింద 2023 నవంబరు 10న దాదాపు 15 కి.మీ. పొడవు పగులులోకి శిలాద్రవం చొచ్చుకుపోవడానికి కొన్ని గంటలే పట్టింది. ఊరు ఆ రాత్రే ఖాళీ చేశారు.

లోతుచూపు:
అయితే ఇలాంటి వార్త వస్తే మొదట దేన్ని చూడాలి?

సీస్మో_రాత:
లోతు. 200 కి.మీ. అని ఉంటే అది మ్యాంటిల్ కథ, అక్కడితో వదిలేయొచ్చు. 20 కి.మీ. లోపైతే కరిగిన శాతం ఎంతో వెతకండి. 5 కి.మీ. దగ్గరికొస్తే మూడు చూడాలి: చిన్న కంపాలు రోజురోజుకీ పైకి జరుగుతున్నాయా, జీపీఎస్‌లో ఉబ్బు వేగం పుంజుకుందా, సల్ఫర్ డయాక్సైడ్ పెరిగిందా. సల్ఫర్‌తో ఒక చిక్కుంది: భూగర్భ జలం దాన్ని కరిగించేసుకుంటుంది, కాబట్టి కొలతలో కనబడలేదని లేదనుకోకూడదు. ఇలాంటి సంకేతాలన్నీ కలిపి చూసి, అగ్నిపర్వతాల్ని గమనించే అబ్జర్వేటరీలు హెచ్చరిక రంగు మారుస్తాయి. అమెరికాలో అది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. వార్తలో ఆ రంగు చెప్పకపోతే నేరుగా అబ్జర్వేటరీ పేజీకి వెళ్లి చూడండి.