అప్‌డేట్: దివ్యాంగుడైన రైతుకు గ్రాంట్ (శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం)

కిందటేడాది అడిగాను గుర్తుందా? మా అన్నయ్యకు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది, జీడితోట పని చెయ్యలేకపోతున్నాడు, రైతుకు ఏదైనా గ్రాంట్ దొరుకుతుందా అని. మొత్తానికి దొరికింది. సలహా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ థాంక్స్.

పనికొచ్చింది పీఎంఈజీపీ, అంటే చిన్న యూనిట్ పెట్టుకోడానికి బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం. ఇందులో పంట సాగుకు డబ్బు రాదు, ప్రాసెసింగ్‌కు వస్తుంది. అందుకే జీడిపిక్కల యూనిట్ పెట్టాం. పిక్కలు కోసే మామూలు మిషన్‌కి కాలితో పెడల్ తొక్కాలి, అన్నయ్యకు అది కుదరదు. కాబట్టి ఆటోమేటిక్ కట్టర్ తీసుకున్నాం.

అసలు చిక్కు వేరే చోట ఉంది. దరఖాస్తులో అన్నయ్యను జనరల్ కేటగిరీలో పెట్టేశారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక మేడమ్ గమనించి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించేది) జత చేయించారు. దివ్యాంగులకు గ్రామాల్లో సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతమే. జనరల్ అయితే 25, 10. మా 4 లక్షల యూనిట్‌కి సబ్సిడీ 1,40,000, మేం కట్టింది 20,000. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ కేటగిరీ గడి చూసుకోండి, ప్లీజ్.

సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. మిగతాది అప్పే, కట్టాలి.

ఆదాయ సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడంతా వృథా, ఈ పథకానికి ఆదాయ పరిమితి లేదు. అన్నయ్య చదివింది అయిదో తరగతే అన్న టెన్షన్ కూడా అనవసరం. ఇలాంటి యూనిట్ 10 లక్షలు దాటితేనే ఎనిమిదో తరగతి పాస్ అడుగుతారు.

సోమవారం మొదటి బస్తా కోశాడు.