శాటిలైట్ ఉష్ణోగ్రత లెక్కతో పండు ఈగ రాక ముందే తెలుస్తుందా?

బొబ్బిలి మామిడి: మాది ఎనిమిదెకరాల సువర్ణరేఖ. పోయినేడాది ఈగల్ని లాగి పట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు ఆలస్యంగా కట్టాను, పండు ఈగకి సగం కాయ పోయింది. మోడిస్ అనే నాసా శాటిలైట్ పరికరం కొలిచిన ఉష్ణోగ్రతలు ఉచితంగా దొరుకుతాయట, రోజూ వేడి కూడుకుంటూ పోతే ఈగ తరం ఎప్పుడు తేలుతుందో తెలుస్తుందట. ఎవరైనా చేశారా? ఎన్ని డిగ్రీలు దాటిన వేడిని లెక్కలోకి తీసుకోవాలి, ఆ హద్దు ఎంత పెట్టారు?

మందస జీడి: మా బాధ జీడి చిగురు రసం పీల్చే టీ దోమ అండీ. యాప్ చెప్పిన రోజే మందు కొట్టాను, అప్పటికే చిగురు, పూత మాడిపోయాయి.

డేటా మాస్టారు: ఆరేళ్లు ఈ డేటాతోనే పనిచేశాను, వినండి. మోడిస్‌లో ఒక గడి కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, అంటే దాదాపు 250 ఎకరాలు. మీ తోట, చెరువు, ఊళ్లో రేకుల ఇళ్లు అన్నిటికీ కలిపి ఒకటే అంకె. పైగా అది గాలి వేడి కాదు, నేల పైభాగం వేడి. ఎండాకాలం మధ్యాహ్నం గాలికంటే చాలా ఎక్కువ చూపిస్తుంది.

గజపతినగరం: ఈగ కోశస్థ (ప్యూపా) దశ మట్టిలోనే కదా మాస్టారూ, మరి నేల వేడే కావాలి!

డేటా మాస్టారు: గుబురు తోటలో శాటిలైట్‌కి కనబడేది ఆకులు, కింద మట్టి కాదు. ఇంత చిన్న విషయం కూడా చెప్పాలా?

గజపతినగరం: చిన్న విషయం అనకండి. మాది మూడేళ్ల తోట, వరసల మధ్య నేలంతా బయటే ఉంది. ఆకులెక్కడున్నాయి? మా తోట చూడకుండా తీర్పు చెప్పేస్తారేటి?

డేటా మాస్టారు: సరే, మీ తోటకి ఆ మాట వర్తించదు. అయినా రాత్రి అంకె తీసుకోండి, గాలికి దగ్గరగా ఉంటుంది. లాండ్‌శాట్ అనే ఇంకో రకం శాటిలైట్ల వేడి చిత్రం 100 మీటర్ల గడితోనే వస్తుంది గానీ ఒక్కో శాటిలైట్ 16 రోజులకోసారే తిరిగొస్తుంది, ఆ రోజు మబ్బు పట్టిందంటే అంతే.

ఉద్దానం కొబ్బరి: 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పడిపోయిన మొద్దులు తీయలేకపోయాం, వాటిలో కొమ్ము పురుగు పెరిగి మిగిలిన చెట్ల మొవ్వులు తినేసింది. దానికి ఏ ఉష్ణోగ్రత లెక్క కట్టాలి? ముందు మొద్దులు తీయించాలి.

మందస జీడి: నిజం అన్నా. మా తోటలో ఎర్రచీమల గూళ్లున్న చెట్లకి టీ దోమ తక్కువ, నేను కళ్లారా చూశాను.

బొబ్బిలి మామిడి: హద్దు సంగతి ఎవరూ చెప్పలేదు.

డేటా మాస్టారు: ఉదాహరణకి 12 అనుకోండి. పగలు 34, రాత్రి 22 అయితే సగటు 28, ఆ రోజు ఖాతాలో 16. అసలు హద్దు గుడ్డుకి వేరు, కోశానికి వేరు. ముందు బుట్టలో పడ్డ ఈగల్ని వారం వారం లెక్కపెట్టి రాసుకోండి, అవి లేకపోతే ఈ కూడిక దేనితో సరిచూస్తారు?

గజపతినగరం: ఈసారి నేనూ రాస్తాను. మట్టిలో థర్మామీటరు కూడా పెడతాను మాస్టారూ, ఆ అంకెలు ఇక్కడే పెడతాను, అప్పుడు మాట్లాడదాం.