ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాకపోవడమే అసలు లోపమా?

పుత్తూరు మామిడిరైతు:
జాతీయ రహదారి విస్తరణ కోసం మా తోటలో 62 సెంట్లు తీసుకున్నారు. అందులో మా నాన్న నాటిన బెంగుళూరా చెట్లు పదకొండు ఉన్నాయి. సర్వేయరు ఎర్ర రంగు పూసి అంకెలు వేసి వెళ్లిన సాయంత్రం ఆయన ఒక్కో చెట్టునూ తడిమి చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇంటికి వచ్చేశారు. పరిహారంగా వచ్చిన మొత్తంతో అదే ఊరిలో 30 సెంట్లు కూడా కొనలేము.
నా వాదన ఇది. 1978లో 44వ సవరణ ద్వారా ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి, మామూలు రాజ్యాంగ హక్కుగా 300ఎ అధికరణంలోకి మార్చారు. ఆనాడే రైతు చేతిలోని ఆయుధం పోయింది. అమెరికాలోనైతే న్యాయమైన పరిహారం ఇవ్వనిదే ప్రజావసరానికైనా భూమి తీసుకోరాదని 1791 నుంచే రాజ్యాంగంలో ఉంది. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

చిత్తూరు వకీలు:
మీ బాధ నిజమే కానీ, కారణం అది కాదని నా అభిప్రాయం. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుగా ఉన్న రోజుల్లోనే, 1955లో, నాలుగో సవరణ వచ్చి, పరిహారం చాలదన్న కారణంతో ఏ కోర్టూ భూసేకరణ చట్టాన్ని ప్రశ్నించరాదని చెప్పింది. 1971లో 25వ సవరణ ‘పరిహారం’ అన్న మాటనే తీసేసి ‘మొత్తం’ అన్న మాట పెట్టింది. అంటే పేరుకు ఆయుధమే గానీ పదును అప్పటికే పోయింది.
ఇక అమెరికా సంగతి. 2005లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ పట్టణం ఇళ్లను సేకరించి ప్రైవేటు అభివృద్ధి పథకానికి అప్పగించడం ప్రజావసరమే అవుతుందని అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు ఇచ్చింది. ఆ పక్కనే పరిశోధన కేంద్రం కట్టుకున్న ఫైజర్ సంస్థ 2009లో వెళ్లిపోతున్నట్లు ప్రకటించింది. ఇళ్లు కూల్చిన నేల ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలతో ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పుపై ఆగ్రహించి నలభైకి పైగా రాష్ట్రాలు తమ చట్టాలను మార్చుకున్నాయన్నది కూడా చెప్పుకోవాలి.
జర్మనీలో దీనికి భిన్నంగా జరిగింది. డైమ్లర్-బెంజ్ వాహన పరీక్షా మార్గం కోసం బాక్స్‌బెర్గ్‌లో రైతుల భూములు తీసుకోబోతే, ఉద్యోగాలు వస్తాయన్న మాట ఒక్కటే చాలదనీ, అందుకు స్పష్టమైన చట్టం కావాలనీ 1987లో రాజ్యాంగ న్యాయస్థానం అడ్డుకుంది. ఆస్తి బాధ్యతలను కూడా మోపుతుందని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది!
మన 2013 భూసేకరణ చట్టం కాగితం మీద పిసినారిది కాదు. గ్రామీణ భూమికి మార్కెట్ విలువను రెండు రెట్ల వరకు పెంచి, దానిపై మరో నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోగొట్టుకున్నందుకు ఊరటగా ఇచ్చే మొత్తం, కలుపుతుంది. ఇంగ్లండులో సొంత ఇల్లు కోల్పోయినవారికి అదనంగా వచ్చేది పది శాతమే, దానికీ గరిష్ఠ పరిమితి ఉంది. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం కుటుంబాల సమ్మతి కావాలని కూడా మన చట్టం అంటుంది. అయితే మీ కేసు జాతీయ రహదారుల చట్టం కిందిది కాబట్టి, పరిహారపు లెక్క వర్తిస్తుంది గానీ సమ్మతి నిబంధన వర్తించదు.

రేణిగుంట నివాసి:
ప్రతి ఒక్కరి సమ్మతి కోసం ఆగితే రోడ్డు ఎప్పటికి వస్తుంది? సింగపూరు 1966 చట్టంతో వేగంగా భూమి సేకరించి ఆ నగరాన్ని కట్టుకుంది. మన తిరుపతిలో పండుగ రోజున అంబులెన్సు ఇరుక్కుంటే తిట్టుకునేదీ మనమే గదా.

చిత్తూరు వకీలు:
సింగపూరు ఉదాహరణను సగంలో ఆపకండి. అక్కడ చాలాకాలం చట్టం నిర్ణయించిన పాత తేదీనాటి ధరను దాటి పరిహారం ఇచ్చేవారు కారు. 2007లో ఆ పద్ధతిని వదిలి మార్కెట్ విలువకు వచ్చారు. చైనాలో వ్యవసాయ భూమికి వార్షిక దిగుబడి విలువకు ముప్ఫై రెట్లు మించకూడదన్న పరిమితి ఉండేది, 2020 నుంచి అదీ పోయింది. వేగాన్ని నమ్ముకున్న దేశాలు కూడా చివరికి ధర దగ్గరికే వస్తున్నాయి.

సత్యవేడు ఉపాధ్యాయిని:
మీరంతా పట్టా భూముల గురించే మాట్లాడుతున్నారు. మా మండలంలో డీకేటీ పట్టాలున్న, అంటే సర్కారు పేదలకు కేటాయించిన అసైన్డ్ భూములున్న, కుటుంబాలు ఎన్నో. సర్కారు ఇచ్చిన భూమిని సర్కారే తీసుకుంటుంటే పరిహారమేమిటని అడిగేవారు ఇప్పటికీ కనబడతారు. ప్రజావసరానికి తీసుకుంటే అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు నకలు చేతపట్టుకుని వెళ్లే ఓపిక అందరికీ ఉండదు కదండీ. ఏ దేశపు రక్షణనైనా కొలవాలంటే, ముందు అది ఎవరిని యజమానిగా లెక్కిస్తుందో చూడాలి.

పుత్తూరు మామిడిరైతు:
వకీలు గారు, సరే, నా మొదటి వాదన సడలించుకుంటున్నాను. కానీ ధరపై తగవు వస్తే తీర్చేదెవరు? జర్మనీ రాజ్యాంగం ఆ తగవును మామూలు కోర్టులకే అప్పగించిందనీ, అమెరికాలో చాలాచోట్ల జ్యూరీ దాకా వెళ్లవచ్చనీ చదివాను. మా విషయంలో కేంద్ర ప్రభుత్వం నియమించిన ఆర్బిట్రేటరు (మధ్యవర్తి) తేల్చాలి, చాలాచోట్ల ఆయన జిల్లా కలెక్టరే.

చిత్తూరు వకీలు:
అసలు చిక్కు అక్కడే ఉంది. ఆర్బిట్రేషన్ చట్టంలోని 34వ సెక్షన్ కింద జిల్లా కోర్టు ఆ అవార్డును, అంటే ఆర్బిట్రేటరు తీర్పును, రద్దు చేయగలదే తప్ప మొత్తాన్ని తానుగా పెంచలేదని, తమిళనాడు రహదారి కేసులో 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025లో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమిత సందర్భాలలో అవార్డును సవరించడానికి వీలిచ్చినా, దాని మీద ఆశ పెట్టుకోలేము. కాబట్టి సాక్ష్యమంతా ఆర్బిట్రేటరు ముందే పెట్టండి. గడచిన మూడేళ్ల విక్రయ దస్తావేజులలో ఎక్కువ ధర ఉన్న సగాన్ని తీసి సగటు కడతారు. ఆ జాబితా నకలు అడిగి, ఏవేవి తీసుకున్నారో చూడండి.

పుత్తూరు మామిడిరైతు:
చూశాను. అందులో మూడోది మా పక్క తోటది. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఇచ్చిన ధరలో సగమే దస్తావేజులో రాయించుకున్నారు. కింద సాక్షి సంతకం నాదే.