ధర్నాలూ సభలూ బరంపురం నడిబొడ్డున ఉండాలా, ఊరి బయటికి పంపాలా?

పెద్దబజారు వర్తకుడు:
సూటిగానే అడుగుతున్నాను. మన రోడ్లు ఇరుకు. ఎవరికి కష్టం వచ్చినా కూడలిలో బైఠాయిస్తారు, మధ్యాహ్నం దాకా కదలరు. దక్షిణ ఒడిశా జిల్లాల నుంచీ, అటు ఇచ్ఛాపురం వైపు నుంచీ రోగులు ఇక్కడి వైద్య కళాశాల ఆసుపత్రికే వస్తారు. అంబులెన్సు ఆగిపోతే ఎవరిది బాధ్యత? ఊరి బయట ఒక మైదానం చూపించి, ఏ సభ అయినా అక్కడే పెట్టుకోమంటే సరిపోతుంది. రోడ్లను నిరవధికంగా ఆక్రమించకూడదని 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కదా.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అంబులెన్సుకు అడ్డం నిలబడే హక్కు ఎవరికీ లేదు. అక్కడ మీతో నాకు పేచీ లేదు. అంతమాత్రాన సభలన్నిటినీ ఊరు దాటించాలనడం ఒప్పుకోలేను. మీరు చెప్పిన తీర్పు రోడ్డును అంతూ పొంతూ లేకుండా మూసేయడం గురించి. 1972లో అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో సంగతి తేల్చింది. వీధుల్లో సభలకు నియమాలు పెట్టవచ్చు గాని, అనుమతి ఇవ్వడమూ మానడమూ అధికారి ఇష్టానికి వదిలేసే నిబంధన చెల్లదంది. ఢిల్లీలో ధర్నాలు జరిగే జంతర్‌మంతర్ దగ్గర 2017లో హరిత ట్రైబ్యునల్ పెట్టిన పూర్తి నిషేధాన్ని కూడా సుప్రీంకోర్టు మరుసటి ఏడాది నిలవనివ్వలేదు. నియమాలు రాసుకోండి, నోరు మాత్రం మూయకండి అన్నదే ఈ రెంటి సారం.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. రెండేళ్లకోసారి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర వస్తుంది. దేరా అనే నేతవారి కులపెద్దను దేశిబెహెరా అంటారు, ఆయన వీధికి అమ్మవారు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా వస్తుంది. సాయంత్రం ఘటాలు బయలుదేరితే, మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి తిరుగుతుంటే, వారాల తరబడి వీధులు ఆవిడవే. ఆ రోజుల్లో మీ దుకాణం ముందు జనం కిక్కిరిసినా మీరు విసుక్కోరు, ఇంకో దీపం వెలిగిస్తారు. అంటే ఊరి వీధి బండ్లు పోవడానికి మాత్రమే కాదని మీకూ తెలుసు. అమ్మవారికి దారి ఇచ్చే ఊరు, జీతం అందని పారిశుద్ధ్య కార్మికురాలికి రెండు గంటలు ఇవ్వలేదా?

తెలుగువాళ్లుగా మనం ఇంకొకటి ఆలోచించాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన ఊరు మనది. ఒడియాలో అర్జీ రాయలేని పెద్దలు ఇంకా ఉన్నారు. కార్యాలయంలో తడబడే ఆ మనిషి బజారులో రెండు భాషల్లోనూ గొంతెత్తి మాట్లాడతాడు, ఒడియా వాళ్లు వింటారు, జవాబు చెబుతారు. ఆ చోటు పోతే ఆయన మాట వినేవాళ్లు ఉండరు. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. అలాంటి ఊళ్లో కార్మికుల సభను ఊరి బయటికి పంపాలనడం నాకు బాధగా ఉంది.

కూరగాయలమ్మే ఆవిడ కూతురు:
మాస్టారూ, రోడ్లు ఖాళీ చేయాలనే మాట మొదలైతే ముందు లేచేది మా అమ్మ గంప. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించకూడదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కాగితం మీద ఇంత హక్కు ఉందని మా అమ్మకు నేను చదివి చెప్పేదాకా తెలియదు. ఆ మాట పదిమందికీ చెప్పుకోవాలంటే మేం ఎక్కడ కూర్చోవాలి, ఊరి బయట పొలాల్లోనా?

రాయగడ నుంచి:
మా జిల్లా సంగతి ఒకటి. నియమగిరి కొండ మీద గని తవ్వాలా వద్దా తేల్చమని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే అప్పగించింది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి, జిల్లా న్యాయమూర్తి ముందు. పన్నెండూ వద్దనే చెప్పాయి. వాళ్లను జిల్లా కేంద్రానికి రమ్మని ఉంటే ఎంతమంది కొండ దిగి వచ్చేవారు? సభ ఎక్కడ పెడతారన్న దాన్నిబట్టే అక్కడ ఎవరు మాట్లాడగలరన్నది తేలిపోతుంది.

పెద్దబజారు వర్తకుడు:
యాత్ర తేదీ ముందే తెలుస్తుంది మాస్టారూ. సరుకు ఎప్పుడు దించుకోవాలో, ఏ దారిన పోవాలో చూసుకుంటాం. ధర్నా అలా చెప్పి వస్తుందా? నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు ఆ పూట కూలి ఎవరిస్తారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అదే అడగండి, మీ వెనక నేనుంటాను. ముందుగా కబురు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు, ఒక పక్క ఆసుపత్రి బండికి దారి. హైదరాబాద్‌లో 2017లో ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్ మూసి నగరం అంచుల్లో స్థలాలు చూపించారు. మంత్రి కంటికి కనబడని చోట ధర్నా ఎవరికోసమని జనం తిరగబడ్డారు. మనకు ఆ గొడవ వద్దు. మీ వర్తకులూ, ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారి లాంటి వీధి వ్యాపారులూ కలిసి ఈ నియమాలు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి నగరపాలక సంస్థకు ఇవ్వండి. తెలుగు ప్రతి నేను రాసి పెడతాను.