ట్రామ్ పట్టాలు మార్చే రోజుల్లో ప్రయాణం: మీ ఊళ్లో ఎలా నడిపారు?

బండూరా ప్రయాణికుడు (మెల్‌బోర్న్):
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో బండూరా నుంచి నగరంలోకి వెళ్లే 86వ నంబరు ట్రామ్ మీదే నా రాకపోకలన్నీ. ఈ ఊళ్లో ఏ మార్గంలోనైనా పట్టాలు మార్చేటప్పుడు పని జరిగే మేర ట్రాములు ఆపి, ఆ మధ్య భాగంలో బస్సులు నడుపుతారు. పని అవసరమన్న విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. అరిగిన పట్టా మీద బండి ఎంత అదురుతుందో రోజూ ఎక్కేవాళ్లకు తెలుసు. అయితే కొద్ది రోజులు పూర్తిగా మూసేసి రాత్రింబవళ్లు పని చేయడం మేలా, లేక పగలు ట్రాములు నడుపుతూ రాత్రిళ్లు మాత్రమే పని చేస్తూ నెలల తరబడి సాగించడం మేలా? మీరు చూసినది చెప్పండి.

పట్టాల పని చేసినవాడు:
రాత్రిళ్లు మాత్రమే చేయడం చెప్పినంత తేలిక కాదండీ. రైల్వేలో పట్టా స్లీపర్ల మీద, స్లీపర్లు కంకర మీద ఉంటాయి కాబట్టి, కొన్ని గంటలు ఆ లైనులో బండ్లను ఆపి (దాన్నే బ్లాకు అంటారు) ఒక ముక్క మార్చి, ఆ పైన బండ్లను వేగం తగ్గించి పంపవచ్చు. వీధిలో ట్రామ్ పట్టా అలా కాదు, అది చాలాచోట్ల రోడ్డు కాంక్రీటులోనే పూడ్చి ఉంటుంది. ముందు కాంక్రీటు పగలగొట్టాలి, పాత పట్టాను కోసి ఎత్తాలి, అడుగు భాగాన్ని గట్టిపరచాలి, గాడి ఉన్న కొత్త పట్టాలను 1,435 మిల్లీమీటర్ల గేజికి, అంటే రెండు పట్టాల మధ్య ఉండాల్సిన దూరానికి, సరిగ్గా నిలబెట్టి థర్మిట్ వెల్డింగ్‌తో (కరిగిన ఇనుము పోసి) అతికించాలి, ఆ తరువాతే కాంక్రీటు పోయాలి. అది బండి బరువు మోసేంత గట్టిపడేదాకా ఎవరూ తొందరపెట్టలేరు. కొత్తగా వేసేటప్పుడు పట్టా చుట్టూ రబ్బరు తొడుగు వేయడం కూడా ముఖ్యం. అది అదురును తగ్గించడంతో పాటు, పట్టాల గుండా సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళ్లే కరెంటు నేలలోకి పారి, దగ్గరలోని నీటి గొట్టాలను తుప్పు పట్టించకుండా కాపాడుతుంది.

కూడళ్ల సంగతి ఇంకా కష్టం. మీ ఊళ్లోని బాలక్లావా జంక్షన్‌లో నాలుగు దిక్కులలో ఎటు నుంచి వచ్చిన ట్రామ్ అయినా ఎటు కావాలంటే అటు తిరగగలదు. అలాంటిచోట పట్టాలు ఎత్తితే ఒకేసారి పలు మార్గాలు ఆగిపోతాయి. అందుకే కూడళ్లకు పూర్తి మూసివేతే సరైనదని నా అభిప్రాయం.

బాక్స్‌హిల్ నివాసి:
109వ నంబరు మార్గంలో ఉంటాను. మూసివేత ఎన్ని రోజులన్నది నాకు రెండో ప్రశ్న, ట్రామ్ దిగి బస్సు ఎక్కే చోటు ఎలా ఉందన్నది మొదటిది. కొత్త స్టాపుల్లో ప్లాట్‌ఫాం రోడ్డు మధ్యలో, బండి నేలకు సమానమైన ఎత్తులో ఉంటుంది. బస్సు అక్కడికి రాలేదు కనుక రోడ్డు పక్కన ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా మామగారు ప్లాట్‌ఫాం వాలు దిగి, సిగ్నల్ దగ్గర ఆగి, రోడ్డు దాటి, ఇంకో వంద అడుగులు నడిచి, అప్పుడు బస్సు మెట్టు ఎక్కాలి. ఒకసారి స్తంభానికి కట్టిన కాగితం ఒక వీధి చూపిస్తే బస్సు ఇంకో వీధిలో ఆగింది. మారే చోట దారి చూపే మనిషి ఒకరు నిలబడిన రోజున ఇదే ప్రయాణం ఎంత సులువైందో చెప్పలేను.

ప్రాగ్ నుంచి:
ఇక్కడ ట్రామ్ మార్గాలు ఒకదానితో ఒకటి దట్టంగా అల్లుకుని ఉండడం వల్ల, ఒక వీధి మూసినా చాలా నంబర్లను పక్క వీధుల గుండా మళ్లిస్తారు, మిగిలిన లోటును ఎక్స్ అక్షరంతో మొదలయ్యే బస్సులు తీరుస్తాయి. కొన్నిచోట్ల ఉన్న పట్టాల మీదనే తాత్కాలిక క్రాసోవర్‌ను, అంటే బండి ఒక దారి నుంచి పక్క దారికి మారేందుకు వీలిచ్చే అడ్డ పట్టాలను, పరిచి, రెండు వైపుల బండ్లనూ ఒకే పట్టా మీద వంతులవారీగా పంపుతారు. దాని పేరు కాలిఫోర్నియా. దాని మీద బండి బాగా నెమ్మదించి ఎక్కి దిగుతుంది, అయినా జనం బండి మారనక్కరలేదు. ఇక్కడి ట్రాములు ఎక్కువగా ఒకవైపే నడిచేవి. అందుకే బండిని వెనక్కి తిప్పే గుండ్రటి పట్టా (లూపు) లేని చోట, రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్ ఉన్న కేటీ8 బండ్లను వాడతారు.

కోల్‌కతా వాసి:
మా దగ్గర బాధ వేరు. మెట్రో పనులకనీ, వంతెనల మరమ్మతులకనీ ఆపిన మార్గాల్లో కొన్ని మళ్లీ తెరుచుకోలేదు, పట్టాల మీదే తారు పోసిన వీధులూ ఉన్నాయి. తిరిగి నడిపే తేదీని లిఖితపూర్వకంగా ప్రకటించకుండా మూయడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోవద్దని కోరుతున్నాను.

పట్టాల పని చేసినవాడు:
ప్రాగ్ మిత్రులు చెప్పినది చాలా విలువైన విషయం. మెల్‌బోర్న్‌లో బండ్లన్నీ రెండు వైపులా నడిచేవే కాబట్టి, క్రాసోవర్ ఉన్న ప్రతిచోటా ట్రామ్‌ను వెనక్కి తిప్పవచ్చు. పని జరిగేది అర కిలోమీటరే అయినా, దగ్గరి క్రాసోవర్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే ఆ రెండు కిలోమీటర్లూ బస్సే గతి. పైన తీగలో కరెంటు ఆపగలిగే విభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది కూడా ఇందులో చూడాలి. కాబట్టి రోడ్డు తవ్వి ఉన్నప్పుడే అవసరమైన చోట కొత్త క్రాసోవర్ వేసుకోవాలి, ఎందుకంటే కాంక్రీటు పోశాక దాని కోసమే మళ్లీ పగలగొట్టడానికి ఎవరూ సిద్ధపడరు.

బండూరా ప్రయాణికుడు:
అందరికీ ధన్యవాదాలు. మూసివేతే మంచిదన్న వాదన నాకు అర్థమైంది. మా మార్గంలో తరువాతి పనిపై అభిప్రాయాలు కోరినప్పుడు, తిరిగి తెరిచే తేదీ, బస్సు మారే చోట మనిషి, పనికి దగ్గరలో క్రాసోవర్ కావాలని రాస్తాను. పట్టాల పని చేసినవారూ, 86వ మార్గంలో హై స్ట్రీట్ పొడవునా ఇప్పుడున్న క్రాసోవర్లు ఎక్కడెక్కడో మీకు తెలిస్తే ఇక్కడే రాయగలరా?