చలివేంద్రం కుండలో నీళ్లు చల్లబడటం లేదు

ప్రశ్న: వీధివాళ్లమంతా కలిసి బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాం. కొత్త కుండలే, అయినా మధ్యాహ్నానికి నీళ్లు వేడెక్కుతున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు: చాలా మంచి పని. కుండలకు రంగు వేసి ఉందేమో చూడండి. రంగు మట్టి రంధ్రాల్ని మూసేస్తుంది. నీరు బయటికి చెమర్చి ఆవిరైతేనే లోపల చల్లబడేది. రంగులేని కుండను రాత్రంతా నానబెట్టి, గాలాడే నీడలో తడి ఇసుక మీద పెట్టండి. చుట్టూ గోనెసంచి కట్టి, ఆరకుండా తడుపుతుండండి.

మరో జవాబు: కోస్తా ఉక్కపోతలో ఎంత చేసినా అంతగా చల్లబడవు, గాలిలోనే తేమ ఎక్కువ. శుభ్రత ముఖ్యం. 20 లీటర్లకు అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి, అరగంట ఆగాక ఇవ్వండి. ఎవరినీ గ్లాసు ముంచనివ్వకండి, పొడవాటి కాడ గరిటెతో ఒకరే పోయాలి.

ఇంకొకరు: రోజూ సాయంత్రం కుండ ఖాళీ చేసి పీచుతో రుద్దండి. సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది.